వెనక టైరు మధ్యలో గుండు, ముందు టైరుకి గతుకులు: తప్పు టైరుదేనా?

ప్రశ్న: నాది 150 సీసీ బైకు. రోజూ నరసరావుపేట నుంచి గుంటూరు వెళ్లి వస్తాను. రానూపోనూ దాదాపు 95 కి.మీ. అవుతుంది. రోడ్డు ఖాళీగా ఉంటే 80–90లో వెళ్తాను. ఆదివారాలు భార్య, పాప కూడా ఎక్కుతారు. బండి మొత్తం 42 వేలు తిరిగింది. రెండు టైర్లూ మార్చి 14 వేల కి.మీ. అయింది. వెనకది మధ్యలో గుండైపోయింది, పక్కల మాత్రం గ్రిప్పు అలాగే ఉంది. కుడివైపు ఎడమకంటే కొంచెం ఎక్కువ అరిగినట్టు కనిపిస్తోంది. ముందు టైరు మీద చెయ్యి పెట్టి రాస్తే ఒక దిక్కుకి నున్నగా, ఎదురు దిక్కుకి గరుకుగా తగులుతోంది. 50 దాటితే ముందు నుంచి గుయ్యిమని మోత. పంక్చరు షాపులో ‘గట్టిగా ఉంటే మైలేజీ వస్తుంది’ అని వెనక గాలి 40 పెడుతున్నారు. ముందుది మొన్న చూపిస్తే 18 ఉంది. బండి స్టిక్కరు మీద ముందు 25, వెనక ఒక్కరికి 28, ఇద్దరికి 32 అని ఉంది. మెకానిక్ టైరు నాసిరకం అంటున్నాడు, స్నేహితులు ఇంకా వెడల్పుగా ఉండే 120 సైజు టైరు వేయించమంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: టైరు కంపెనీని తిట్టే ముందు మీరు రాసిన రెండు అంకెలు మళ్లీ చూసుకోండి. వెనక 28 ఉండాల్సిన చోట 40, ముందు 25 ఉండాల్సిన చోట 18. ఈ గాలితో ఎంత ఖరీదైన టైరు వేసినా ఇలాగే అరుగుతుంది. ఇలాంటి బండికి వెనక టైరు 20 వేలు దాటి రావడం మామూలే. కారణాలు సరిచేయకుండా టైర్లు మారిస్తే ఇంకో ఆరు నెలలకి ఇదే ఉత్తరం రాయాల్సి వస్తుంది. ముందు బండి, తర్వాత టైరు. ఆ వరస మాత్రం తప్పొద్దు.

వెనక టైరు సంగతి. బైకు టైరు అడ్డకోత గుండ్రంగా ఉంటుంది. బండి నిలువుగా వెళ్తున్నప్పుడు రోడ్డుకి ఆనేది మధ్యలో ఒక సన్నటి పట్టీ మాత్రమే. గాలి సరిగ్గా ఉంటే మీ బరువుకి ఆ పట్టీ కాస్త వెడల్పుగా పరుచుకుంటుంది. 40 పెడితే టైరు బిగుసుకుపోయి పట్టీ ఇంకా సన్నబడుతుంది. మీ బరువు, బండి బరువు, ఇంజను తోపు అన్నీ ఆ కొద్దిపాటి రబ్బరు మీదే పడతాయి. మీ దారిలో మలుపులు తక్కువ కాబట్టి పక్కల రబ్బరుకి పని లేదు. అందుకే మధ్య గుండై, పక్కలు కొత్తగా మిగిలాయి.

ఎక్కువ గాలికి మైలేజీ కొంచెం పెరగడం నిజమే. కానీ అలా మిగిలిన పెట్రోలు డబ్బు టైరుకే పోతుంది, తడి రోడ్డు మీద పట్టు పోవడం అదనం. గాడుల్లేని మధ్యభాగానికి కింద చేరిన నీళ్లని పక్కకి పంపే దారి ఉండదు. మీ వెనక టైరు ఇప్పుడున్న స్థితిలో వాన పడుతుంటే బండి తీయకండి. మలుపులో ఇంకో ఇబ్బంది కూడా ఉంటుంది. బల్లపరుపుగా అరిగిన మధ్యభాగానికీ అరగని పక్కకీ నడుమ ఒక అంచు ఏర్పడుతుంది. బండి వంచబోతే మొదట మొరాయిస్తుంది, ఆ అంచు దాటగానే ఒక్కసారిగా వాలిపోతుంది. దీన్ని చాలామంది హ్యాండిల్ తేడా అనుకుని మెకానిక్ దగ్గరకి వెళ్తారు.

గాలి ఎప్పుడు కొలవాలి? పొద్దున్నే, బండి తీయకముందు. స్టిక్కరు మీద ఉండేవి చల్లటి టైరుకి చెప్పిన అంకెలు. టైరు లోపల వేడి 10 డిగ్రీలు పెరిగితే 28 ఉన్నది సుమారు ఒకటిన్నర పీఎస్ఐ (గేజీ మీద కనిపించే గాలి కొలత) పెరుగుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకి, 80లో ఓ అరగంట నడిపాక కొలిస్తే 31–32 చూపించడంలో వింత లేదు. అది చూసి గాలి తీసేయకండి. తీస్తే మర్నాడు పొద్దున్నకి 25కి దిగిపోతుంది. పంక్చరు షాపుల్లో ఏళ్ల తరబడి వాడిన గేజీలు 3–4 అంకెలు తేడా చూపిస్తుంటాయి, కాబట్టి చిన్న డిజిటల్ గేజీ ఒకటి కొని ఇంట్లో పెట్టుకోండి. వారానికోసారి, ఏదో ఒక రోజు ఖాయం చేసుకుని చూస్తే చాలు. ముందు 25, వెనక 28. గేజీతో పాటు చిన్న ఫుట్ పంపు ఉంటే ఇంకా నయం, బంకుకి వెళ్లేలోగా టైరు వేడెక్కే బాధ ఉండదు.

అరుగుదలలో వేగం వాటా కూడా తక్కువేమీ కాదు. 60లో వెళ్లే బండికి ఎదురయ్యే గాలి ఒత్తిడి 90కి వచ్చేసరికి రెండింతలు దాటుతుంది. ఆ ఒత్తిడిని తోసుకుంటూ పోవాలంటే వెనక టైరు రోడ్డుని అంతకంత గట్టిగా వెనక్కి నెట్టాలి. నెట్టే ప్రతిసారీ రబ్బరు కంటికి కనబడనంత జారుతుంది. ఆ జారుడే అరుగుదల. రోజుకి 95 కి.మీ. నడిపే మనిషి 90 బదులు 70లో వెళ్తే వెనక టైరు వయసు పెరగడం తప్పకుండా తెలుస్తుంది. వెనక బ్రేకు ఒక్కటే తొక్కే అలవాటు ఉంటే అది కూడా మానుకోవాలి.

ఇక ఆదివారం బరువు. మీ ముగ్గురూ ఎక్కిన రోజు వెనక 32 పెట్టండి. సోమవారం పొద్దున మళ్లీ 28కి దించండి. మీ మాన్యువల్లో బండి మోయగల మొత్తం బరువు ఎంతో రాసి ఉంటుంది. మీరు, మీ ఆవిడ, పాప, సంచులు కలిపి అది దాటితే గాలితో సర్దడానికి కుదరదు, సామానైనా తగ్గించాలి.

గాలితో పాటు వెనక షాక్ అబ్జార్బర్ల కింద ఉండే మెట్ల రింగు కూడా మార్చాలి. దీని గురించి ఒక అపోహ బాగా పాతుకుపోయింది. రింగు ఒక మెట్టు ఎక్కిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. స్ప్రింగు గట్టితనం మారదు. మారేది బరువు పడ్డాక బండి వెనక భాగం నిలబడే ఎత్తు. ఆ ఎత్తు సరిగ్గా ఉందో లేదో టేపుతో కొలిచి చూడొచ్చు. డబుల్ స్టాండ్ వేయండి, వెనక చక్రం గాల్లో వేలాడుతుంది. చక్రం ఇరుసు మధ్య నుంచి నిటారుగా పైకి, సీటు కింద ప్యానెల్ మీద పెన్సిలుతో ఒక గుర్తు పెట్టి, ఆ దూరం మిల్లీమీటర్లలో రాసుకోండి. తర్వాత స్టాండు తీసి, మీరు రోజూ వేసుకునే హెల్మెట్, బ్యాగుతో సహా ఎక్కి కూర్చోండి. ఒకరు ముందు హ్యాండిల్ పట్టుకుంటే, ఇంకొకరు అవే రెండు బిందువుల మధ్య మళ్లీ కొలవాలి. రెండు కొలతల తేడా, వెనక చక్రం కదలగల మొత్తం దూరంలో మూడో వంతు దగ్గర ఉండాలి. ఆ దూరం 100 మి.మీ. అనుకుంటే 30–35 మి.మీ. తేడా 40 దాటితే ఒక మెట్టు ఎక్కించండి. 20 లోపే ఉంటే ఒక మెట్టు దించండి. రెండు వైపులా రింగులు ఒకే మెట్టు మీద ఉన్నాయో లేదో తప్పకుండా చూసుకోండి. సర్వీసులో ఒకవైపు రెండో మెట్టు, ఇంకోవైపు మూడో మెట్టు పెట్టి పంపిన బళ్లు రోడ్ల మీద కోకొల్లలు.

దీనికీ టైరుకీ సంబంధం ఏమిటంటే, వెనక భాగం మరీ కుంగితే బరువు వెనక్కి వాలి ముందు చక్రం తేలికవుతుంది. హ్యాండిల్ కోణం కూడా పడుకుంటుంది. ముందు టైరు రోడ్డుని నిలకడగా పట్టుకోక తడబడుతూ వెళ్తుంది. మరీ ఎత్తుగా బిగిస్తే గతుకు దాటినప్పుడల్లా వెనక చక్రం నేలని వదిలి లేస్తుంది. లేచిన చక్రం ఇంజను తోపుకి కాస్త వేగంగా తిరిగి, మళ్లీ నేలని తాకగానే రబ్బరుని గీరుకుంటుంది. అందువల్ల టైరు అక్కడక్కడా మచ్చలు మచ్చలుగా అరుగుతుంది. మీ టైరు మీద అలాంటి మచ్చలున్నట్టు మీరు రాయలేదు కాబట్టి ఇది మీకు పెద్ద కారణం కాకపోవచ్చు. అయినా ఆదివారాలకి రెండు మెట్లు ఎక్కించడం అలవాటు చేసుకోండి. సీటు కింద టూల్ కిట్లో దానికి కొక్కెం స్పానర్ ఉంటుంది. రెండు నిమిషాల పని.

ముందు టైరు కథ వేరు. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు గరుకుగా ఉన్నదాన్ని రంపప్పళ్ల అరుగుదల అంటారు. ముందు బ్రేకు వేసినప్పుడు టైరు మీది ఒక్కొక్క రబ్బరు గడ్డ నేలని తాకి వంగుతుంది, నేలని వదిలే క్షణంలో టక్కున వెనక్కి వస్తుంది. అలా వచ్చేటప్పుడు దాని ఒక అంచు రోడ్డుకి రాసుకుని అరిగిపోతుంది, రెండో అంచు ఎత్తుగా మిగులుతుంది. ఇది ఎంతో కొంత ప్రతి ముందు టైరుకీ ఉంటుంది. గాలి 18కి దిగితే గడ్డలు మరీ ఎక్కువగా వంగుతాయి, అరుగుదల ముదురుతుంది. ఆ ఎత్తుపల్లాలు రోడ్డుని వరసగా కొట్టడమే మీకు 50 దాటాక వినిపించే గుయ్యిమనే మోత. బేరింగు పోయిందని ఎవరైనా అంటే వెంటనే మార్పించకండి, ముందు పరీక్ష చేయండి. ఇది చదివి ముందు బ్రేకు వాడటం మాత్రం తగ్గించకండి. బండిని ఆపే బలంలో పెద్ద వాటా దానిదే.

గాలి ఒక్కటే కారణం అయితే గడ్డలన్నీ ఒకే తీరుగా అరుగుతాయి. కొన్ని చోట్ల లోతుగా, కొన్ని చోట్ల పైపైన పల్లాలు పడితే మాత్రం చక్రం ఎగురుతోందని అర్థం. అందుకే టైరు విప్పించే ముందు మూడు చోట్ల చూడాలి.

మొదటిది కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు. డబుల్ స్టాండ్ వేసి, ఒకరిని వెనక సీటు మీద బలంగా నొక్కమంటే ముందు చక్రం లేస్తుంది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు రెండు కాళ్లనీ కింద, ఇరుసు దగ్గర పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగండి. టక్ టక్ మని కదిలితే కోన్ సెట్ వదులైంది. తర్వాత హ్యాండిల్‌ని ఒక వేలితో మెల్లగా ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పండి. సరిగ్గా మధ్యలో గాడిలో పడ్డట్టు చిన్నగా పట్టేస్తే బేరింగు కూర్చునే కప్పులో గుంట పడింది. బిగిస్తే లాభం లేదు, సెట్ మార్చాల్సిందే. కొత్తది వేశాక మరీ బిగించేస్తే కూడా ప్రమాదమే. చక్రం గాల్లో ఉన్నప్పుడు హ్యాండిల్‌ని కాస్త పక్కకి నెడితే దాని బరువుకి అదే చివరిదాకా వాలాలి, ఊగులాట మాత్రం ఉండకూడదు. కొత్త సెట్ కాస్త సర్దుకుంటుంది కాబట్టి 500–1,000 కి.మీ. తర్వాత ఒకసారి మళ్లీ చూపించండి.

రెండోది ముందు ఫోర్కు. బండి నేల మీద ఉంచి, ముందు బ్రేకు పట్టి, హ్యాండిల్‌ని బలంగా కిందికి నొక్కి వదలండి. ఒక్కసారి పైకి లేచి అక్కడే నిలవాలి. రెండు మూడు సార్లు కిందికీ పైకీ ఊగితే లోపలి ఆయిల్ పని చేయడం లేదు. మీ బండి 42 వేలు తిరిగింది. ఫోర్కు ఆయిల్ మార్చినట్టు రాయలేదు. మనవైపు ఇంజను ఆయిల్ మీద ఉండే శ్రద్ధ దీనిమీద ఉండదు, సీలు కారితే తప్ప ఎవరూ ఫోర్కు విప్పరు. ఆయిల్ పలచబడి మురికి చేరాక స్ప్రింగుని అదుపు చేసేది ఏమీ ఉండదు. చక్రం ప్రతి గతుకు దగ్గరా ఎగిరి పడుతుంది, పడ్డ చోటల్లా రబ్బరు అరుగుతుంది. ఆయిల్ మార్పించేటప్పుడు మాన్యువల్లో ఉన్న గ్రేడే పోయించండి. రెండు కాళ్లలోనూ కొలిచి సమానంగా పోయాలి. కంటి అంచనాతో పోస్తే ఒక కాలు గట్టిగా, ఒకటి మెత్తగా పనిచేస్తుంది. మందుల షాపులో దొరికే పెద్ద సిరంజి ఒకటి మీరే పట్టుకెళ్లి మెకానిక్ చేతికివ్వండి. ఫోర్కు రాడ్డు మీద ఆయిల్ చార కనిపిస్తే అదే పనిలో సీళ్లు కూడా మార్పించండి.

మూడోది చక్రం బేరింగులు. టైరుని పైనా కిందా పట్టుకుని అడ్డంగా ఊపండి. కాస్త కూడా కదలకూడదు. చక్రాన్ని వట్టిగా తిప్పి, చెవి దగ్గరగా పెట్టి వింటే గరగర వినిపించకూడదు.

వెనక టైరు కుడివైపు ఎక్కువ అరిగిందని కంగారు పడకండి. మనం రోడ్డుకి ఎడమవైపు నడుపుతాం. నీళ్లు పోవడానికి రోడ్డుని మధ్యలో ఎత్తుగా, అంచులకి వాలుగా వేస్తారు. ఆ వాలు మీద నిలువుగా వెళ్లే బండికి టైరు కుడిభాగమే కాస్త ఎక్కువ ఆనుతుంది. పైగా కూడళ్ల దగ్గర ఎడమ మలుపు చిన్నది, కుడి మలుపు పెద్దది, కుడివైపు వంగి వెళ్లే దూరం ఎక్కువ. తేడా కొద్దిగా ఉంటే ఇది సహజం. తేడా కొట్టొచ్చినట్టు ఉంటేనూ, చేతులు కాస్త వదులు చేస్తే బండి పక్కకి లాగుతుంటేనూ చక్రాలు ఒకే వరసలో లేవని అనుమానించాలి.

అది చూడటానికి తాపీమేస్త్రీలు వాడే నైలాను దారం చాలు. వెనక టైరు వెనక నుంచి దారం చుట్టి, రెండు కొసలనీ రెండు పక్కలా ముందు చక్రం దాకా లాగండి. నేలకి అడుగు ఎత్తులోపు, స్టాండుకీ సైలెన్సరుకీ తగలని చోట లాగాలి. దారం వెనక టైరు ముందు అంచుని తాకీ తాకనట్టు ఉండాలి. హ్యాండిల్ తిన్నగా పెట్టి, ముందు టైరుకీ దారానికీ మధ్య ఖాళీ రెండు వైపులా కొలవండి. వెనక టైరు 100, ముందుది 80 మి.మీ. వెడల్పైతే ఇరువైపులా చెరో 10 మి.మీ. రావాలి. ఒకవైపు 5, ఒకవైపు 15 వస్తే వెనక చక్రం పక్కకి చూస్తోంది. ఇరుసు నట్టు వదులు చేసి, చైను సర్దే బోల్టులతో కొద్దికొద్దిగా సరిచేసుకుంటూ మళ్లీ కొలవాలి. స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) మీది గీతలు రెండు వైపులా ఒకటే అని మెకానిక్ అన్నా దారాన్నే నమ్మండి. చివర్లో చైను వదులు ఎంతుందో చూసి ఇరుసు నట్టు గట్టిగా బిగించండి.

120 సైజు మాట ఇక్కడితో వదిలేయండి. 100/90-17 (100 మి.మీ. వెడల్పు టైరు) కోసం చేసిన రిమ్ము వెడల్పు తక్కువ. దాని మీద 120/80-17 ఎక్కిస్తే పక్కలు లోపలికి నొక్కుకుపోయి టైరు మధ్యలో ఇంకా గుండ్రంగా ఉబ్బుతుంది. నిలువుగా వెళ్లేటప్పుడు నేలకి ఆనే పట్టీ మీరు ఆశించినట్టు పెరగదు, మధ్య అరుగుదల బాధ పోదు. ఎత్తు 12 మి.మీ. పెరుగుతుంది. చైనుకో చైన్ గార్డుకో రాసుకునే ప్రమాదం ఉంటుంది. బరువు పెరిగి మైలేజీ పడిపోతుంది. ఏ కొలతతో బండి వచ్చిందో అదే వేయించండి.

ఉన్న టైర్ల సంగతి: వెనకది మార్చాల్సిందే. గాడుల అడుగున చిన్న దిమ్మలు ఉంటాయి. పక్కన టీడబ్ల్యూఐ అక్షరాలో, బాణం గుర్తో ఉన్న చోట చూస్తే కనిపిస్తాయి. గ్రిప్పు వాటితో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. వానాకాలం ముందు మాత్రం 2 మి.మీ. లోతు మిగిలి ఉండగానే మార్చడం మంచిది. ముందు టైరులో ఎత్తుకీ పల్లానికీ 2 మి.మీ. తేడా లేకపోతే, ఫోర్కు పని అయ్యాక 25 గాలితో అరిగేదాకా వాడుకోవచ్చు. మోత మాత్రం వెంటనే పోదు, పళ్లు పడిన రబ్బరు మళ్లీ చదును కావడానికి సమయం పడుతుంది. టైరు తిరగేసి వేస్తే సరిపోతుందని చెప్పేవాళ్లుంటారు, వినొద్దు. పక్కన తిరిగే దిక్కు చూపే బాణం ఉంటుంది, దానికి ఎదురుగా బిగించకూడదు.

కొత్తది కొనేటప్పుడు పక్కన ఉండే నాలుగంకెల తేదీ చూడండి. 1825 అని ఉంటే 2025లో 18వ వారంలో చేసింది. 55పి అని ఉంటే 218 కిలోలు, గంటకి 150 కి.మీ. వరకు తట్టుకుంటుందని అర్థం. అంతకంటే చిన్న అంకె ఉన్నది తీసుకోవద్దు. అరిగిన టైరుకి మళ్లీ గాట్లు కోసి సెకండ్ హ్యాండ్ అని అమ్మేవాటి జోలికి అసలు పోకండి. గాడుల అడుగున దిమ్మలు లేకపోయినా, గాటు అంచులు కత్తితో కోసినట్టు పదునుగా ఉన్నా అది అలాంటిదే. ఆ గాటు కింద మిగిలేది పల్చటి రబ్బరు, దాని కింద దారాలు.

టైరు వేశాక మొదటి 150 కి.మీ. మెల్లగా నడపండి, కొత్త రబ్బరు పైపొర జారుతుంది. అదే రోజు లోతు కొలిచే చిన్న గేజీతో వెనక టైరు మధ్యలో, కుడివైపు, ఎడమవైపు లోతులు రాసి పెట్టుకోండి. 2,000 కి.మీ. దగ్గర ఒకసారి, 4,000 దగ్గర ఒకసారి అవే చోట్ల కొలవండి. కొత్త టైరు 7 మి.మీ. ఉండి, మీరు 2 దగ్గర మారుస్తారనుకుంటే వాడుకోగలిగేది 5 మి.మీ. ఇప్పుడు 14 వేలకి అంతా అయిపోయిందంటే మి.మీ.కి 2,800 కి.మీ. వచ్చినట్టు. 4,000 దగ్గర మధ్యలో ఒక మి.మీ. లోపే తగ్గితే గాలి, వేగం దారిలో పడ్డట్టు. ఒకటిన్నర దాకా తగ్గితే ఆ మూడు కొలతలూ, మీ పొద్దుటి గాలి అంకెలూ, షాక్ అబ్జార్బర్ ఎన్నో మెట్టు మీద ఉందో రాసి పంపండి, అప్పుడు ఇంకా ఎక్కడ వెతకాలో చెబుతాం.